గోడమీది కాపురం

అద్దె యివ్వకుండా మన యిళ్ళల్లో కాపురం చేసేవాళ్ళలో బల్లిని మించిన మర్యాదస్తురాలు లేదని నా అభిప్రాయం. చీమలాగా పంచదార డబ్బాలో దూరదు. ఎలకలాగా బియ్యం బస్తా కొరకదు. పగలంతా పటం వెనకాల పడుకుని, దీపాలు పెట్టే వేళకి పనిలోకి వస్తుంది. దోమనీ, దీపప్పురుగునీ, చిన్న బొద్దింకనీ మాయం చేస్తుంది. అయినా దాన్ని చూడగానే మనకి గుర్తొచ్చేది చీపురు!

కిందటి ఉగాదికి ముందు మా చోడవరంలో పక్కవాటా వాళ్ళు వెల్ల వేయించారు. గోడ గూట్లోంచి పాత పంచాంగాల దొంతర తీస్తే, వెనకాల బఠాణీ గింజంత తెల్లటి గుడ్లు రెండు కనిపించాయి. బల్లిపాటు ఫలితాలు అచ్చేసిన పుస్తకాల చాటునే పెట్టిందన్నమాట! పనివాడు వాటిని చేటలోకి తుడిచెయ్యబోతే ఆ యింటి పిల్లవాడు అడ్డం పడ్డాడు. వాడు ఆరోతరగతి. ఏదైనా ఒక ప్రాణిని పెంచాలని వాడికి ఎన్నాళ్ళనుంచో కోరిక. కుక్క అంటే తండ్రి ఒప్పుకోడు, పిల్లి అంటే తల్లి ఒప్పుకోదు. బల్లి అనేసరికి మామ్మగారే లేచారు.

"బల్లిని పెంచే కొంప ఎక్కడైనా వుందిట్రా? మీద పడితే కంచికి వెళ్ళాలి, పాలల్లో పడితే కాటికి వెళ్ళాలి!"

వాడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అత్తయ్యగారూ, మీరు చెబితే మామ్మ వింటుంది."

కంచి సంగతి నేనెత్తలేదు. వరదరాజస్వామి కోవెల్లో బంగారు బల్లినీ, వెండి బల్లినీ భక్తితో తాకి వచ్చిన మనిషి ఆవిడ. కాటి సంగతి మాత్రం చెప్పాను. మన గోడబల్లికి విషం లేదు. విషపు కోరా లేదు, తిత్తీ లేదు. పాలల్లో పడితే పారబొయ్యడం మంచిదే. ఎందుకంటే దాని వొంటిమీదా, రెట్టలోనూ సాల్మొనెల్లా అనే క్రిమి వుండవచ్చు. అది కడుపులోకి పోతే వాంతులూ, విరేచనాలూ పట్టుకుంటాయి. అందుచేత పెట్టె ముట్టుకున్నప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మామ్మగారు చాలాసేపు ఆలోచించి, వంటింట్లోకీ, దేవుడి గదిలోకీ తేకూడదన్నారు. నేనింకో షరతు పెట్టాను: పిల్ల కాస్త గట్టిపడగానే మళ్ళీ గోడకి వొదిలెయ్యాలి. వాడు తల వూపాడు గాని, ఆ వూపులో నాకంత నమ్మకం కనిపించలేదు.

గుడ్డు విషయంలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. కోడిపెట్ట గుడ్లని తిప్పుతుంది, బల్లిగుడ్డుని తిప్పకూడదు. పిండం లోపల పెంకుకి అంటుకుని వుంటుంది. పైభాగం మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, ఎలా వుంటే అలాగే పొడి యిసకమీద పెట్టించాను. చలిదేశాల్లో దీనికి వెచ్చదనం యివ్వడానికి కరెంటు సరంజామా కావాలి. మనకి గది వేడే చాలు. వేడినిబట్టి పిల్ల రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది.

పెట్టె అంటే వాళ్ళింట్లో మూలపడ్డ చేపల గాజుతొట్టె. గోడబల్లికి నేలకన్నా నిలువు కావాలి గనక దాన్ని నిలబెట్టి, మూతిమీద దోమతెర గుడ్డ బిగించాం. లోపల అడుగున పాత కాగితం, ఎక్కడానికి ఎండు బెరడు, దాక్కోవడానికి అట్ట గొట్టం. ఎండ తగిలేచోట గాజుతొట్టె పెడితే లోపలిది వుడికిపోతుంది కాబట్టి నీడపట్టున స్టూలు మీద పెట్టాం. బెల్లం వండే దేశం మాది, చీమలకి లోటా! స్టూలు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టమన్నది మామ్మగారే.

ఏప్రిల్ చివర్లో ఒక గుడ్డు పగిలింది. రెండోది పగల్లేదు. వచ్చిన పిల్ల రెండంగుళాలైనా లేదు. మొదట్లో తన కుబుసం తనే తింటుంది గనక తిండి పెట్టలేదని కంగారుపడనక్కర్లేదు. తరవాత అరటితొక్క మగ్గబెట్టి, మూగిన చిన్న ఈగల్ని లోపలికి వొదలాలి. తల వెడల్పుకి మించిన పురుగుని వెయ్యకూడదు. చచ్చిన పురుగు దానికి పనికిరాదు, కదిలితేనే తిండి. పొద్దునా సాయంత్రం గాజుమీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు నాకుతుంది. కంటి రెప్పలు లేవు గనక కళ్ళు కూడా నాలికతోనే తుడుచుకుంటుంది. అది చూసి వాడు అన్నం మానేసి కూర్చునేవాడు.

గాజుమీద ఎలా పాకుతోందని అడిగాడు. దాని పాదాల కింద కంటికి కనపడనంత సన్నటి రోమాలు లక్షలకొద్దీ వుంటాయి. ఒక్కొక్క రోమానికి ఎంత పట్టు వుందో 2000 సంవత్సరంలో అమెరికాలో కొలిచారు. జిగురూ లేదు, పీల్చడమూ లేదు.

సెలవలకి వచ్చిన చుట్టాల కుర్రాడు దాన్ని పట్టుకోబోతే తోక తెగి కాగితం మీద గిలగిల్లాడింది. మావాడు చచ్చిపోయిందని ఒకటే ఏడుపు. తోక మళ్ళీ వస్తుంది, కాకపోతే ఎముక వుండదు, మృదులాస్థే. అందుకే చేత్తో పట్టుకోవద్దనడం.

ఆ ఏడుపు చూడలేక తండ్రి, ఫోనులో చూపిస్తారే, ఆ చిరతమచ్చల బల్లిని కొనిస్తానన్నాడు. అది రెప్పలున్న బల్లి, గోడలెక్కదు, నేలమీద తిరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే పదిహేను, యిరవై యేళ్ళు బతుకుతుంది. కుర్రాడు రేపు కాలేజీకి వెళ్ళిపోతే దానికి రోజూ బతికున్న పురుగులు పట్టేదెవరండీ, మామ్మగారా? ఇక తిరుమల కొండల బంగారు బల్లి వంటివాటి జోలికి అసలే పోకూడదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో దాని పేరుంది. పట్టుకుంటే జైలే.

జూన్‌లో తొలి వాన పడ్డ రాత్రి పురుగులు దీపం చుట్టూ ముసిరాయి. వాడు రెండు రోజులు గడువడిగి, మూడోరోజున వీధి వసారా గోడకి వొదిలాడు. మొండితోక చూసి గుర్తుపడతానంటాడు. గూట్లో పంచాంగాలు మాత్రం మామ్మగారు మళ్ళీ అక్కడే సర్దించారు.

పెట్టె లేకపోయినా బల్లిని చూసుకోవచ్చు. దోమల మందు యిల్లంతా కొట్టకుండా వుంటే దానికి తిండి మిగులుతుంది. బొద్దింకల కోసం పెట్టే జిగురు అట్టలు మట్టుకు వొద్దు. వాటికి బల్లులే అంటుకుంటాయి. అంటుకుంటే లాగకండి. వంటనూనె నాలుగు చుక్కలు కాళ్ళచుట్టూ వేసి, దూదిపుల్లతో మెల్లిగా ఒక్కొక్క కాలే విడిపించండి.