గృహిణీ వినోదములు: పెట్టె యడుగున నాణెములు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పాత లోగిళ్లలో దేవుని గూటిక్రింద నొక చిన్న డబ్బాయు, అందులో నల్లబడిన వెండి రూపాయలును పెక్కుచోట్లఁ గానవచ్చును. లక్ష్మీపూజనాడు పసుపుకుంకుమల నద్ది మరల మూతపెట్టుదుము. వానిపై నేమి వ్రాసియున్నదో చూచువారు మాత్రము కొందరే.

ఈ సీమకు నాణెము పరాయివస్తువు కాదు. గద్వాల సంస్థానము పూర్వము తన నాణెమును తానే ముద్రించుకొనెను. అది రాయచూరు జిల్లాయందును చిరకాలము చెల్లినది. వనపర్తివారి సూగూరు సిక్కాయు నట్టిదే. తరువాత నంతటను హైదరాబాదు హాలీ సిక్కాయే నిలిచి, 1959 వరకు చెల్లెను. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానము.

చార్మినారు బొమ్మగల హాలీ రూపాయను వెలుతురున కెత్తి చూడుడు. నడిమి ద్వారములో నొక చిన్న యక్షరము కలదు. అది "మీం" అయినచో మహబూబు అలీఖానుని కాలమునాటిది, "ఐన్" అయినచో ఉస్మాన్ అలీఖానుని కాలమునాటిది. హిజ్రీ సంవత్సరముతోపాటు ప్రభువు గద్దెనెక్కిన యేటి లెక్కయు నుండును. కావున 1329 హిజ్రీ, ఒకటవ యేడు అనియున్న రూపాయ దొరకినచో అది 1911లో ఉస్మాన్ అలీఖాను సింహాసన మెక్కిన యేటి గుర్తు. లిపి తెలియనివారు ఉర్దూ చదివిన పొరుగింటి యమ్మ నడుగవచ్చును. ఆ నెపమున నొక పూట ముచ్చటయు జరుగును.

ఇతర రాజులు ఉత్సవములకే వేరుగా నాణెములు వేయించిరి. బికనేరు మహారాజు గంగాసింగు తన యేబదియేండ్ల పాలనకు 1937లో బంగారమునను వెండిని నట్లు చేసెను. ఐదవ జార్జి పట్టాభిషేకము జరిగిన 1911 నాటి రూపాయ కథ మరియొకటి. ఆయన యంగీపై చెక్కిన యేనుఁగు పందివలెఁ గనఁబడుచున్నదని జనులు గోలచేయఁగా, సర్కారువారు దానిని వెనుకకుఁ దీసికొని, మరుసటియేట బొమ్మను దిద్దించిరి. రాజ్యములు పోయినను వాడుక పోలేదు. 2020లో గ్వాలియరు రాజమాత విజయరాజే సింధియా శతజయంతికి నూఱు రూపాయల నాణెము వెలువడినది.

ఇఁక జాగ్రత్తలు. చింతపండుతోఁ దోమి మెఱయించిన నాణెమునకు సేకరించువా రంతగా వెల కట్టరు. కొక్కెము అతికించి దండకుఁ గూర్చినదానికిని అంతే. 1911 నాటి ఉస్మానియా రూపాయ పదునొకండు గ్రాముల పైచిలుకు. అందు వెండి వేయింట 818 వంతులు. కంసాలి ఆ వెండికే లెక్కకట్టును; అక్షరమునకుఁ గట్టడు. అవసరమువచ్చి అమ్మవలసినను ముందుగా నిద్దరు నాణెవర్తకులకుఁ జూపుడు.

"మీ పాత నాణెమునకు లక్షలిత్తుము, మొదట రుసుము పంపుడు" అని ఫోనునఁ బలుకువారిని నమ్మరాదు. తన పేరు చెప్పి యిట్లు మోసగించుచున్నారని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించినది. పాతగోడ కూల్చునపుడు నాణెముల కుండ దొరకినచో 1878 నాటి శాసనముప్రకారము కలెక్టరునకుఁ దెలుపవలయును, దాచుట నేరము.

ఒక్కొక్క నాణెమును వేర్వేరు కాగితపుఁ బొట్లమునఁ జుట్టి, అత్తగా రిచ్చినదో పుట్టింటినుండి వచ్చినదో, ఏయేట చేతికందినదో పైన వ్రాయుడు. పంపకములనాడు అది మీ స్త్రీధనమని చెప్పుటకు ఆ వ్రాతయు నక్కఱకు వచ్చును.