బాల విలేఖరి – పత్రికల ధర్మము

పత్రిక ప్రాణమంతయు సంపాదకుని గదియందున్నదని పలువురి తలంపు. అది సగము నిజము. తక్కిన సగము, ఆ గదిని ఎన్నడును చూచి యెరుగని యొక మారుమూల విలేఖరి చేతిలో నున్నది. అతడు వ్రాసి పంపిన నాలుగు పంక్తులు అసత్యమైనచో, సంపాదకుని పాండిత్యము దానిని సత్యము చేయజాలదు. పైపెచ్చు మంచి శీర్షిక నొకటి తగిలించి నలుదెసల వ్యాపింపజేయును. ఆ విలేఖరి పదునారు పదునేడేండ్ల బాలుడైనపుడు వానికి పని నేర్పవలసిన వారెవరు? ఈ ప్రశ్నకు మన పత్రికాధిపతులు సూటిగా సమాధానము చెప్పవలసియున్నది.

తిరువూరునే తీసికొందము. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన యీ పట్టణము సరిహద్దు పట్టణము. ఒకనాడు దీని కావల నిజాము రాజ్యము. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడినపుడు ఆ సరిహద్దు చెరిగెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రావతరణముతో మరల తల యెత్తెను. విజయవాడ నుండి భద్రాచలము పోవు రహదారి యీ యూరి మీదుగనే పోవును. చుట్టును మామిడి తోటలు, ప్రత్తి చేలు, మిరప మళ్లు. నాగార్జునసాగరము ఎడమ కాలువ ఖమ్మము జిల్లా నేలను తడిపిన పిదపనే యిచటి మెట్టలకు చేరును. కావున ఇచట నీటి వార్త రెండు రాష్ట్రముల వార్త. ధరల వార్త వేల కుటుంబముల బ్రతుకు వార్త. ఇట్టి చోట వార్తలకు కొదువ లేదు. వార్తను తూచు త్రాసునకే కొదువ.

ఆ త్రాసు పట్టుట యెట్టిదో ఒక ఉదాహరణముతో చూతము. కాలువకు నీరు వదలితిమని అధికారి చెప్పెననుకొనుడు. నేర్పువాడు లేని బాలుడు ఆ మాటను వ్రాసికొని, "రైతులకు నీరు అందెను" అని పంపును. అతడు అబద్ధమాడలేదు, కాని నిజము చెప్పలేదు. నీరు వదలుట వేరు, నీరు అందుట వేరు. తూము వద్ద పారిన నీరు చివరి పొలమునకు చేరకపోవచ్చును. పని తెలిసిన పెద్ద విలేఖరి ప్రక్కన నున్నచో ఏమనును? "నాయనా, కాలువ వెంబడి కడకొన వరకు పొమ్ము. గట్టుమీద నిలిచి చూడుము. ఆ రైతు నడుగుము. అతని మాటయు వెంటనే నమ్మవద్దు. ప్రక్క పొలమువాని నడుగుము. ఎన్నడు వదలిరి, ఎంత వదలిరి, ఎంత వచ్చినది, ఈ మూడును అధికారిని మరల అడిగి, అప్పుడు వ్రాయుము" అనును. విలేఖరి విద్య యంతయు ఈ నాలుగు మాటలలో నున్నది. ఇది పుస్తకము వలన రాదు. వెంట నడచి చూపువాని వలన వచ్చును.

చిన్న వయస్సున ఈ వృత్తిలో ప్రవేశించుట తప్పని మేము చెప్పము. విజయవాడలో 1933లో జన్మించి 2021లో కీర్తిశేషులైన తుర్లపాటి కుటుంబరావుగారు పదునాలుగేండ్ల ప్రాయముననే పత్రికారచనకు పూనుకొనిరి. పిదప పద్మశ్రీ బిరుదము నందిరి. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పండ్రెండవ యేట అన్నగారి అచ్చుకూటమున శిష్యుడుగా చేరి, 1722లో, పదునారేండ్లవాడై యుండగా, మారుపేరుతో వ్రాసిన లేఖలు ఆ పత్రికలోనే అచ్చయినవి. వయస్సు అడ్డు కాదు. కాని తుర్లపాటివారు యౌవనముననే ప్రకాశము పంతులుగారి కడ కార్యదర్శిగా నుండి ప్రజాజీవితమును దగ్గరనుండి చూచిరి. ఫ్రాంక్లినునకు అచ్చుకూటమే పాఠశాల. ప్రకాశము పంతులుగారు 1921లో మదరాసున స్థాపించిన "స్వరాజ్య" పత్రికలో ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటివారు పనిచేసి, పిమ్మట దేశమునకు పేరుపడిన సంపాదకులైరి. గురువో, గురువు వంటి కార్యాలయమో లేక యెవ్వడును ఎదుగలేదు.

నేడు పల్లెపట్టుల జరుగుచున్నదేమి? కంట్రిబ్యూటరని పేరు పెట్టి కుర్రవానికి గుర్తింపుపత్రము నిత్తురు, గురువు నియ్యరు. జీతము లేదు, అచ్చయిన కొలతను బట్టి యేదో కొంత ముట్టజెప్పుదురు. కావున రెండు మాటలలో ముగియు వార్తను ఇరువది మాటలకు సాగదీయుట వాడు నేర్చుకొనును. అంతతో తీరదు. ఉగాదికి, స్వాతంత్ర్య దినమునకు, నాయకుల జన్మదినములకు ప్రకటనలు సేకరించి తెమ్మందురు. ఉదయము ఏ నాయకుని తప్పు నెత్తి చూపవలయునో, సాయంకాలము ఆ నాయకుని యింటనే ప్రకటనకై చేయి చాపవలయును. ఇరువదేండ్లు నిండని బాలుని కలము ఈ రెండు పనులను మోయగలదా? ముందుగా వంగునది కలమే. 2009 ఎన్నికలలో డబ్బు పుచ్చుకొని వార్తలచ్చు వేసిరన్న యారోపణలపై విచారించుటకు ప్రెస్ కౌన్సిలు నియమించిన ఉపసంఘమున పరంజయ్ గుహా ఠాకూర్తాగారితో పాటు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డిగారును సభ్యులు. ఆ జాడ్యము పెద్ద కార్యాలయములలో పుట్టినదే కావచ్చును. కాని పల్లెలో, ప్రకటనకును వార్తకును నడుమనున్న గోడను చిన్ననాడే చెరిపివేసి బాలుని పెంచినచో, రేపు ఆ గోడను కట్టువాడెవడు?

ఇందుకు కొందరు ఒక బదులు చెప్పుదురు. పూర్వము జాతీయ పత్రికలలో పనిచేసినవారు జీతము లడిగిరా? ఆకలితో దేశసేవ చేయలేదా? చేసిరి. కాని ఆ మాట చెప్పువారు తక్కిన సగము మరచుచున్నారు. "స్వరాజ్య" సిబ్బంది పస్తుండిననాడు దాని యధిపతి సుఖముగా నుండలేదు. వేలు గడించు న్యాయవాదవృత్తిని విడనాడి, ఆర్జించిన ధనమును ప్రకాశము పంతులుగారు ఆ పత్రికకే ధారవోసిరి. యజమానియు సేవకుడును కలిసి పస్తుండుట త్యాగము. యజమాని లాభము గణించుచుండగా బాలుడు మాత్రము పస్తుండుట త్యాగము కాదు. దానికి వేరొక పేరున్నది. పాత్రికేయుల పనిదినములకు, వేతనములకు 1955లో పార్లమెంటు శాసనము చేసినది. 1989లో కొద్దిపాటి కాలము పనిచేయు విలేఖరులను గూడ ఆ నిర్వచనములో చేర్చినది. అయినను వ్యాసంగమునకు పేరు మార్చి, "నీవు ఉద్యోగివి కావు, కంట్రిబ్యూటరువు మాత్రమే" యన్నచో చట్టము గడప దాటదు.

అపాయము బాలునకే కాదు, ఊరికిని గలదు. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరు ప్రకటింపరాదని చట్టము. నేరమునకు గురియైన బిడ్డ పేరుగాని, ఊరుగాని, పాఠశాల గాని తెలియజేయరాదు. ఈ సంగతి చెప్పనివాని వలన ఆ బాలుడు ఒక కుటుంబము బ్రతుకును ఒక్క పూటలో బజారు పాలు చేయగలడు. ఇప్పుడు పత్రికయే యక్కరలేదు. చేతిలో ఫోను, ఫోనుకొక మైకు, మైకుకొక గుర్తు చాలును. అచ్చు వార్తనైన ఉపసంపాదకుడొకడు చూచును. యూట్యూబున వ్రేలు నొక్కిన క్షణముననే ఊరంతయు చూచును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని గనులలోను, మందుగుండు పనులలోను ఉంచరాదన్నది. అర్ధరాత్రి రహదారిపై పడిన శవముల నడుమకు, ఇసుక లారీల కెదురుగా బాలుని పంపరాదని ఆ పట్టికలో లేదు. పట్టికలో లేకున్న మాత్రమున మనస్సాక్షికి సెలవా?

కావున పత్రికాధిపతులకు మా మనవి మూడు మాటలు. బాలుని తీసికొనుడు, కాని మొదటి సంవత్సరము పెద్ద విలేఖరి వెంట నడిపింపుడు, ఒంటరిగా పంపకుడు. అతడు వ్రాసినదానిలో కొట్టివేసిన ప్రతి పంక్తి యెందులకు కొట్టివేసితిరో తెలియజెప్పుడు. ఎఱ్ఱ పెన్సిలు మౌనముగా నున్నచో శిష్యుడు నేర్చుకొనునది శూన్యము. పనికి తగిన వేతనమిచ్చి, ప్రకటనల సేకరణ నుండి వానిని పూర్తిగా తప్పింపుడు.

పఠనమందిరములలో కూర్చుండి యీ పంక్తులు చదువు పెద్దలకును ఒక కర్తవ్యము గలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల తొలి మహాసభ జరిగిననాటి నుండి తెలుగునాట గ్రంథాలయము ప్రజల పాఠశాలయైనది. మీ యూరి బాలుడు వ్రాసిన వార్తలో తప్పు కానవచ్చినచో నవ్వి ఊరకుండకుడు; పిలిచి చెప్పుడు. నిజము వ్రాసినందులకు వానిని ఎవడైన బెదరించినచో వాని ప్రక్కన నిలువుడు. తిరువూరు కాలువ కడకొన వరకు నడచి, నీరు చూచి వచ్చి వ్రాయు బాలుడు ఆ యూరికి ఒక కన్ను. ఆ కంటికి చూపు నిచ్చుట పెద్దల పని. ఆ చూపును అమ్మకొనకుండుట వాని పని. మొదటి పని జరుగనిదే రెండవదానిని వానినుండి కోరు హక్కు మనకు లేదు.