బోరు నీళ్లలో పనిచేస్తేనే సెన్సర్

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఫ్లోరోసెంట్ సెన్సర్. ఓ కొత్త అణువును తయారుచేస్తారు. ఫ్లోరైడో, పాదరసమో కలపగానే యూవీ ల్యాంప్ కింద రంగు మారుతుంది. ఫొటో అదిరిపోతుంది, వైవా గట్టెక్కుతుంది. రెజ్యూమెలో ‘నానోమోలార్ స్థాయిలో గుర్తించాం’ అనే లైను కూడా చేరుతుంది. బాగానే ఉంది. కానీ ఇంటర్వ్యూలో ‘దీన్ని బోరు నీళ్లలో పరీక్షించారా?’ అని అడిగితే ఏం చెబుతారు? నా దృష్టిలో ఉద్యోగం తెచ్చిపెట్టేది యూవీ ల్యాంప్ కింద వెలుగు కాదు, ఈ ప్రశ్నకు మీ దగ్గరున్న జవాబు.

ఫ్లోరైడ్ నేర్పే పాఠం

ఫ్లోరైడ్ మనకు కేవలం సిలబస్‌లోని అయాన్ కాదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పరిశోధకులు రాశారు. నల్గొండ పేరు చెబితే ఇప్పటికీ వంకర తిరిగిన ఎముకలే గుర్తొస్తాయి. బీఐఎస్ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు.

లీటరుకు 1 మిల్లీగ్రామంటే సుమారు 53 మైక్రోమోలార్. అంటే నానోమోలార్ సెన్సర్ ఇక్కడ అవసరమే లేదు! 0.9కి, 1.6కి తేడా నమ్మకంగా చెప్పగలిగితే చాలు. వినడానికి తేలిక. చేయడమే కష్టం.

ఎందుకంటారా? ఫ్లోరోసెంట్ ప్రోబ్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి అయాన్‌ను పట్టుకునేది, రెండోది వెలిగేది. పట్టు దొరకగానే వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది లేదా రంగు మారుతుంది. అయితే నీటిలో ఫ్లోరైడ్‌ను నీటి అణువులే గట్టిగా చుట్టుకుని ఉంటాయి. హైడ్రోజన్ బంధంతో పట్టుకుందామనుకున్న ప్రోబ్‌కు అది అంత తేలిగ్గా చిక్కదు. అందుకే ఈ తరహా ప్రోబ్‌లలో చాలావాటిని అసిటోనైట్రైల్‌లోనో, డీఎంఎస్‌ఓలోనో పరీక్షించి పేపర్లు రాసేశారు. పల్లెలో ఎవరూ డీఎంఎస్‌ఓ తాగరు కదా!

మరి ల్యాబుల్లో ఏం వాడుతున్నారు? 1966లో ఫ్రాంట్, రాస్ రూపొందించిన లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికపు ఎలక్ట్రోడ్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. అందులో వెలుగూ లేదు, నానో మెటీరియలూ లేదు. స్ఫటికం ఎంత ముఖ్యమో, శాంపిల్‌లో కలిపే టిసాబ్ అనే బఫర్ కూడా అంతే ముఖ్యం. అది పీహెచ్‌ను 5-5.5 దగ్గర నిలుపుతుంది. అల్యూమినియం పట్టేసుకున్న ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది.

ఈ చివరి మాట చిన్నదిగా తీసిపారేయకండి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్గొండ టెక్నిక్’ను నాగ్‌పుర్‌లోని నీరి సంస్థ అభివృద్ధి చేసింది. పటికలో ఉండేది అల్యూమినియమే. శుద్ధిచేసిన నీటిలో అది మిగిలి ఉండి, మనం టిసాబ్ కలపకుండా కొలిస్తే రీడింగ్ తక్కువ వస్తుంది. నీళ్లు బాగున్నాయని రిపోర్టు మీద సంతకం పడిపోతుంది. తాగేవాళ్లు తాగుతూనే ఉంటారు. ఆ సంతకం పెట్టేవాళ్లకు కెమిస్ట్రీ ఎందుకు తెలిసుండాలో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వెలుగు వద్దని కాదు

ఫ్లోరోసెంట్ ప్రోబ్‌లు దండగ అనడం లేదు. బతికున్న కణంలో కాల్షియం ఎక్కడ పెరుగుతోందో కళ్లతో చూడగలుగుతున్నామంటే, 1980ల్లో రోజర్ చెన్ తయారుచేసిన ప్రోబ్‌ల చలవే. ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రొటీన్‌పై పనికి 2008లో, క్వాంటమ్ డాట్స్‌కు 2023లో నోబెల్ వచ్చాయి. ఎక్కడ ఏది అవసరమో తెలిసి వాడటమే అసలు తెలివి.

గ్లూకోమీటర్ చూడండి. ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచనను క్లార్క్, లయన్స్ 1962లోనే చెప్పారు. దాన్ని ఇంట్లో చుక్క రక్తంతో పనిచేసే స్ట్రిప్‌గా మార్చడానికి ఏళ్లు పట్టింది. రక్తంలో ఎర్రకణాల శాతం మారితే రీడింగ్ మారవచ్చు. కొన్ని మందులూ అడ్డొస్తాయి. వీటన్నిటినీ తట్టుకుని, 2013 నాటి ఐఎస్‌ఓ 15197 ప్రమాణం ప్రకారం గ్లూకోజ్ 100, అంతకు పైన ఉన్నప్పుడు 95 శాతం రీడింగులు అసలు విలువకు 15 శాతం లోపల ఉండాలి. కంపెనీలకు మనుషులు కావాల్సింది ఇలాంటి పనికే.

ప్రాజెక్టులో ఇవి చేయండి

- డిస్టిల్డ్ వాటర్‌తో ఆగకండి. కుళాయి నీళ్లు, మీ ఊరి బోరు నీళ్లు తెచ్చి తెలిసిన మోతాదు కలపండి. ఎంత శాతం తిరిగి కనిపించిందో, అంటే రికవరీ ఎంతో రాయండి.
- క్లోరైడ్, బైకార్బొనేట్, ఫాస్ఫేట్, అల్యూమినియం ఉన్నప్పుడు రీడింగ్ ఎలా మారుతోందో చూడండి.
- అవే శాంపిళ్లను ప్రామాణిక పద్ధతిలోనూ కొలిచి పక్కపక్కన పెట్టండి.
- పనిచేయని చోటును దాచకండి. ఎందుకు పనిచేయలేదో చెప్పగలిగితే అదే మీ బలం.
- ఈసీఈ చదివే స్నేహితుణ్ని కలుపుకోండి. ఎల్‌ఈడీ, ఫొటోడయోడ్, చిన్న యాంప్లిఫయర్ తోడైతే మీ రంగు మార్పు అంకెగా మారుతుంది.

ఈ అలవాట్లు నీటి పరీక్ష ల్యాబుల్లో, ఫార్మా క్వాలిటీ కంట్రోల్‌లో, విశాఖ మెడ్‌టెక్ జోన్ లాంటి చోట్ల ఉన్న పరికరాల కంపెనీల్లో పనికొస్తాయి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ అయితే ఐఎస్‌ఓ 17025 గురించి అడుగుతారు. ఆ ప్రమాణం ఏం కోరుతుందో ముందే చదివి వెళ్లండి. గేట్, నెట్ రాసి పరిశోధన వైపు వెళ్లినా ఈ క్రమశిక్షణ వృథా పోదు.

అధ్యాపకులకూ ఒక విన్నపం. సెన్సర్ ప్రాజెక్టుకు మార్కులు వేసే ముందు కనీసం ఒక అసలైన శాంపిల్ ఫలితం అడగండి. బోరు నీళ్లు తేవడానికి ఖర్చేమీ కాదు, ఖాళీ సీసా ఉంటే చాలు.