బ్రిటన్లను తుడిచిపెట్టారన్న కథ నిలవదు

క్రీ.శ. 410 ప్రాంతంలో బ్రిటన్ దీవిలో రోమన్ పాలన ముగిశాక, సముద్రం దాటి వచ్చిన శాక్సన్లు అక్కడి స్థానికులైన బ్రిటన్లను ఊచకోత కోశారనీ, బతికినవాళ్లను వేల్స్, కార్న్‌వాల్‌లకు తరిమేసి ఖాళీ నేల మీద ఇంగ్లండును నిలబెట్టారనీ ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. దీనికి మొదటి ఆధారం ఆరో శతాబ్దపు బ్రిటన్ సన్యాసి గిల్డాస్. అయితే ఆయన రాసింది చరిత్ర కాదు, హెచ్చరిక. తన కాలపు రాజులనూ మతగురువులనూ దోషులుగా నిలబెట్టి, శాక్సన్ల దాడిని దేవుడు వేసిన శిక్షగా చూపించాడు. 731లో ఇంగ్లీషు సన్యాసి బీడ్ ఆ కథనాన్నే అందుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు స్వచ్ఛమైన జర్మానిక్ జాతి అని చెప్పుకోవాలనుకున్న ఎడ్వర్డ్ ఫ్రీమన్ లాంటి చరిత్రకారులకు అది బాగా పనికొచ్చింది.

ఆ కాలపు చట్టాలు మాత్రం వేరే సాక్ష్యం చెబుతాయి. ఏడో శతాబ్దం చివర్లో వెసెక్స్ రాజు ఇనె చేసిన శాసనంలో, ఐదు హైడ్ల (ఆనాటి భూమి కొలత) భూమి ఉన్న బ్రిటన్‌ను చంపితే 600 షిల్లింగుల పరిహారం కట్టాలని ఉంది. రాజు కొలువులో గుర్రపు స్వారీ చేసే బ్రిటన్లకూ, కౌలు కట్టే బ్రిటన్లకూ వేర్వేరు వెలలున్నాయి. లేని జనానికి ఎవరూ చట్టం చేయరు. వెసెక్స్ రాజవంశానికి మూలపురుషుడిగా చెప్పే సెర్డిక్ పేరే బ్రిటన్ల పేరు. 633లో ఇంగ్లీషు రాజ్యమైన మెర్సియాకు చెందిన పెండా, వేల్స్‌లోని గ్విన్నెడ్‌కు చెందిన బ్రిటన్ రాజు కాడ్వాలన్‌తో చేయి కలిపి, మరో ఇంగ్లీషు రాజ్యమైన నార్తంబ్రియా రాజు ఎడ్విన్‌ను యుద్ధంలో చంపాడు. జాతివైరమే అన్నిటినీ నడిపించి ఉంటే ఆ పొత్తు కుదిరేదే కాదు.

ఇంగ్లీషులో బ్రిటన్ల మాటలు అతి తక్కువ కదా, మనుషులు ఉంటే భాష ఏమైందని అడుగుతారు. ఫ్రెంచిలోనూ రోమన్లకు ముందు గాల్‌లో మాట్లాడిన గాలిష్ మాటలు కొద్దిగానే మిగిలాయి. అంతమాత్రాన రోమన్లు గాల్ ప్రజలందరినీ చంపేశారని ఎవరూ అనరు. భాష మారడానికి కారణం హోదాలో కనిపిస్తుంది: ఇనె చట్టంలో ఉన్నత వర్గపు ఇంగ్లీషువాడి ప్రాణానికి 1,200 షిల్లింగులైతే, భూమి ఉన్న బ్రిటన్‌కు అందులో సగమే. పాలకుల భాష, వేషం, పేర్లు స్వీకరిస్తే బిడ్డలకు మేలు జరిగే చోట రెండు మూడు తరాల్లో భాష మారిపోతుంది. థేమ్స్, సెవర్న్, ట్రెంట్ నదుల పేర్లు మాత్రం పాతవే మిగిలాయి.

ఇక డీఎన్‌ఏ సంగతి. 2022లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం, తూర్పు, దక్షిణ ఇంగ్లండులో ఆనాటి శ్మశానాల్లో దొరికినవారి వంశమూలంలో సగటున 76 శాతం ఉత్తర ఐరోపా ఖండం నుంచి వచ్చింది. కాబట్టి వచ్చింది గుప్పెడు సేనానులే అనే వాదన కూడా చెల్లదు. వలస భారీగానే జరిగింది. కానీ అదే అధ్యయనం, స్థానిక మూలాలవారూ, వలసవచ్చినవారూ, ఇద్దరికీ పుట్టినవారూ ఒకే శ్మశానాల్లో ఉన్నారని చూపింది. హింస లేదని నేను అనను. 616 ప్రాంతంలో చెస్టర్ దగ్గర నార్తంబ్రియా రాజు ఎథెల్‌ఫ్రిత్ బ్రిటన్ సన్యాసులను నరికించాడు. అది యుద్ధ క్రూరత్వం, జాతి నిర్మూలనకు రుజువు కాదు. తక్కువ హోదా కింద అణగి బతుకుతూ, కొత్తవారితో సంబంధాలు కలుపుకుని, చివరికి ఇంగ్లీషువారైపోయిన బ్రిటన్లను నిర్మూలితులని చెప్పడమంటే, వాళ్ల బతుకును చరిత్ర నుంచి రెండోసారి తుడిచేయడమే. ఇంగ్లండును కట్టినవాళ్లలో వాళ్లూ ఉన్నారని ఒప్పుకోవాలి.