స్కోరు సరే, మనిషి ఎలా ఉన్నాడు?

2021 ఏప్రిల్, మే మాసాలలో అమెరికాలోని తెలుగు వైద్యుల ఇళ్ళలో అర్ధరాత్రి ఫోను మోగని రోజు అరుదు. గుంటూరు నుండి మా మేనమామ కుమారుడు పిలిచి అన్న మొదటి మాట: "బావా, నాన్నకు సి.టి. స్కోరు పదకొండు. మధ్యస్థమేనట, భయం లేదన్నారు." ఆయాసం ఉందా, ఆక్సీమీటరు ఎంత చూపుతోంది అని అడిగితే, "అదింకా చూడలేదు" అన్నాడు.

ఇరవై ఐదుకు పదకొండు అంటే పరీక్ష మార్కుల వలె తోస్తుంది. ఊపిరితిత్తులలోని ఐదు భాగాలకు, వ్యాధి ఆక్రమించిన మేరను బట్టి, ఒక్కొక్కదానికి సున్న నుండి ఐదు వరకు వేసి కూడిన సంఖ్య అది. కంటితో చూచి కట్టిన అంచనా. పైగా అదే రోగికి నాలుగవ రోజున తక్కువగాను, పదవ రోజు ప్రాంతంలో ఎక్కువగాను రావచ్చు. 2020లో జపాను తీరాన నిలిపివేసిన డైమండ్ ప్రిన్సెస్ నౌకలో కోవిడ్ సోకినవారికి సి.టి. తీయగా, ఏ లక్షణమూ లేనివారిలోనే సగానికి పైగా మచ్చలు కనబడ్డాయి!

రక్తపరీక్షల తీరూ ఇంతే. సి.ఆర్.పి. కాలేయం తయారుచేసే ప్రోటీను. కాలి పుండు చీము పట్టినా పెరుగుతుంది. డి-డైమర్ వయసుతో కూడ పెరిగేదే.

ఇవి నిరుపయోగమని నా వాదన కాదు. బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' పరిశోధనలో టోసిలిజుమాబ్ మేలు చేసినది సి.ఆర్.పి. 75కు తగ్గక, ఆక్సిజన్ కూడ పడిపోయినవారికి. రెండూ కలిసి ఉండాలి. అదే పరిశోధన 2020లోనే, డెక్సామెథసోన్ ఆక్సిజన్ అవసరమైనవారి ప్రాణాలు కాపాడుతుందనీ, అవసరం లేనివారికి మేలు చేయదనీ తేల్చింది. అయినా స్కోరు చూచి తొలి రోజులలోనే స్టీరాయిడ్లు మ్రింగించిన ఇళ్ళను నేనెరుగుదును. చక్కెర అదుపు తప్పింది. ఆ వేసవి బ్లాక్ ఫంగస్ విజృంభణకు అదొక కారణమని వైద్యులు భావించారు.

తప్పు అక్కడివారిదే అనను. వాట్సాప్‌లో వచ్చిన కాగితం చూచి, రోగి నడవగలడా అని అడుగకుండానే మందులు చెప్పినవారు మాలోనూ ఉన్నారు. ఒకటి రెండు మార్లు నేనూ చెప్పాను. రిపోర్టు మీద స్కోరు పక్కనే జ్వరం మొదలైన తేదీ, ఆనాటి ఆక్సిజన్ అంకె తప్పనిసరిగా ముద్రించాలని నా అభిప్రాయం.

ఆ రాత్రి పొరుగింటి నుండి ఆక్సీమీటరు తెప్పించారు. మామయ్య కూర్చున్నప్పుడు 95. గదిలోనే ఆరు నిమిషాలు నడిపించగా 89. తెల్లవారక ముందే ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు.