ఇల్లూ – వాకిలీ : బండెడు సామానులో బిందెడు నీళ్ళు

ఒకప్పుడు ప్రయాణమంటే చేతిలో మరచెంబు వుండేది. రైలు ఆగిన పెద్ద స్టేషనులోనల్లా కొళాయి వుండేది గనుక చెంబెడు నీళ్ళు మరో స్టేషనుదాకా సరిపోయేవి. ఇప్పుడు మన కుటుంబాలు చాలామటుకు సొంత కారులోనో, బాడుగ వ్యానులోనో బయలుదేరుతున్నాయి. బళ్ళారి, రాయచూరు వైపు మనవాళ్ళు ఉగాదికి శ్రీశైలం వెళ్ళడం మామూలే. ఆ రోజుల్లోనే కన్నడ భక్తులు వేలమంది నల్లమల అడవి గుండా కాలినడకన మల్లన్న దర్శనానికి వెళతారు. బండిలో వెళ్ళేవారి పిల్లలు "అడవిలో ఒక రాత్రి మకాం వేద్దాం" అని మారాం చేస్తారు. అటవీశాఖవారు అనుమతించిన చోట మకాం వేస్తే అది మంచి ముచ్చటే. కాని అడవిదారిలో స్టేషనూ లేదు, కొళాయీ లేదు.

ఇంకొక సంగతి కూడా వున్నది. అది పెద్దపులుల రక్షిత ప్రాంతం కాబట్టి శ్రీశైలం అడవిరోడ్డు మీద రాత్రివేళ బండ్లను పోనివ్వరు. దారిలో టైరు పంక్చరై, చెక్‌పోస్టు మూసే వేళ దాటిపోయిందనుకోండి, తెల్లవారేదాకా బండిలోనే పడిగాపులు. రెండు గంటల దారికని తెచ్చుకున్న నీళ్ళు రాత్రంతా రావాలి. పసిపిల్లలూ, ముసలివాళ్ళూ వెంట వున్నప్పుడు ఇది నవ్వులాట కాదు. అంచేత ఈ నెల నీళ్ళ సంగతి చెప్పుకుందాం.

ఎన్ని నీళ్ళు? విపత్తుల్లో శిబిరాలు నడిపేవారు పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో ఒక లెక్క వున్నది. మనిషికి రోజుకు తాగడానికీ, తిండికీ కలిపి 2.5 నుంచి 3 లీటర్లు. వంటా, శుభ్రతా కూడా చేరిస్తే 7.5 నుంచి 15 లీటర్లు. మన ఎండలకు తాగడానికి 4, తక్కిన పనులకు 4 అనుకుందాం. ఆరుగురికి రోజుకు 48 లీటర్లు, రెండు రోజులకు 96. బండి ఆగిపోతే ఆదుకోవడానికి మరొక రోజు తాగేనీళ్ళు 24. మొత్తం 120 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో బరువు గనుక ఇద్దరు నిండు మనుషులు అదనంగా బండి ఎక్కినట్టే!

అందుకని అన్నీ ఇంటినుంచి మొయ్యనక్కరలేదు. మూడు రోజుల తాగేనీళ్ళు, అంటే 72 లీటర్లు, ఇంటినుంచే తీసుకోండి. గిన్నెలు కడిగే నీళ్ళూ, కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళూ అడవి మొదలయ్యే ముందు వచ్చే ఆఖరి ఊళ్ళో నింపుకోండి. ఈ రెండింటి పాత్రలూ వేరుగా, గుర్తు పెట్టి వుంచాలి. ఇంజనుకని మరో రెండు లీటర్లు విడిగా పెట్టండి. ఇంజను వేడిగా వుండగా మాత్రం రేడియేటరు మూత తియ్యరాదు. మరిగే నీరు మొహాన చిమ్ముతుంది.

ఏ పాత్ర? ఇప్పుడు వీధివీధికీ వచ్చే 20 లీటర్ల నీళ్ళ క్యాను ఇంట్లో నిలబెట్టుకోవడానికి బాగుంటుంది గాని, గతుకుల రోడ్డు మీద దొర్లితే దాని మూత నిలవదు. మరమూత గట్టిగా బిగిసే 10 లీటర్ల క్యాన్లు నయం. అడుగున త్రిభుజంలో 2 అంకె వున్నదీ, ఆహారపదార్థాల కోసం చేసినదీ చూసి కొనండి. పది లీటర్లదైతే ఇల్లాలు కూడా ఎత్తగలదు. అంతకంటె ముఖ్యమైన లాభం ఇంకొకటి. పెద్ద పీపా ఒకటి పగిలితే నీళ్ళన్నీ పోతాయి. ఏడు క్యాన్లలో ఒకటి పగిలితే ఆరు మిగులుతాయి. కిరోసిన్, రంగులు, పురుగుల మందు పోసిన డబ్బాలు ఎంత తోమినా నీళ్ళకు పనికిరావు. వాసన పోయినా విషం ప్లాస్టిక్కులో ఇంకి వుంటుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో మజ్జిగా, నిమ్మరసమూ పోసి తీసుకుపోకండి.

బయలుదేరే ముందురోజు క్యాన్లను సబ్బుతో కడిగి, రెండుమార్లు తొలిచి, మూత తీసి ఆరబెట్టండి.

ఎక్కడ పెట్టాలి? నిండుకుండ తొణకదన్న సామెత బండిలో అక్షరాలా నిజం. సగం నిండిన క్యానులో నీళ్ళు బ్రేకు వేసినప్పుడల్లా ముందుకూ వెనక్కూ కొట్టుకుంటాయి, ఘాటు మలుపుల్లో పక్కకు తోస్తాయి. మెడదాకా నింపండి, ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యాకనే మరొకటి తెరవండి. ఇలా చేస్తే ఎన్ని నీళ్ళు మిగిలినవీ చూపుతోనే తెలుస్తుంది. సగం క్యాన్లు అయిపోయేనాటికి ప్రయాణం సగం దాటకపోతే, ఇక తిరుగుముఖం పట్టడమే మేలు.

క్యాన్లను డిక్కీలో కింద, వెనుక సీటుకు ఆనించి, తాడుతో కట్టండి. బండి టాపు మీద పెడితే బరువు పైకెక్కి మలుపులో బండి ఒరుగుతుంది. కట్టని పదికిలోల క్యాను గట్టి బ్రేకుకు బండరాయిలా ముందుకు వస్తుంది. పెట్రోలు డబ్బా పక్కన పెట్టరాదు. ఆ ఆవిరి ప్లాస్టిక్కు గుండా నీళ్ళలోకి చేరుతుంది. ఎండ తగలకుండా గోనెపట్టా కప్పితే పాచి పట్టదు.

చెయ్యి ముంచవద్దు. శుభ్రమైన నీళ్ళు చెడిపోయేది చాలామార్లు మన చేతివల్లనే. క్యానుకు చిన్న కొళాయి వుంటే సరి. లేకుంటే వంచి పోసుకోవాలి. పెదవి తగలకుండా ఎత్తి పోసుకుని తాగే మన పాత అలవాటు ఇక్కడ బాగా పనికివస్తుంది.

తెచ్చిన నీళ్ళు అయిపోయి వాగునీళ్ళే గతి అయితే, బురదనీటిలో చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుగుకు దిగుతుంది. కాని నీరు తేరినంతమాత్రాన మంచినీరు కాదు. పైనీటిని వంచి, నాలుగు మడతల గుడ్డతో వడగట్టి, తెర్లడం మొదలైన తరువాత 1 నిమిషం మరగనివ్వాలి. పొలం మందులూ, ఫ్లోరైడూ మరిగించినా పోవు కనుక చేలగట్టు నీళ్ళు ముట్టవద్దు.

ఇక అసలు సంగతి. బండిలో నీళ్ళు నిండా వున్నా తాగనివారు మన ఇళ్ళలో ఇద్దరుంటారు. ఒకరు పెద్దవాళ్ళు, వయసు మీదపడ్డాక దప్పిక సరిగా తెలియదు. రెండవవారు ఆడవాళ్ళు. దారిలో మరుగు దొరకదని, బండి ఆపమనడానికి మొగమాటపడి, పొద్దుటినుంచి గుక్కెడు నీళ్ళైనా ముట్టరు. సాయంత్రానికి తలనొప్పి, కళ్ళు తిరగడం, మూత్రం పచ్చబడి మంట. దీనికి మందు మగవారి చేతిలోనే వున్నది. ఎవరూ అడగకముందే రెండు గంటలకొకసారి మంచిచోటు చూసి బండి ఆపండి, అందరి చేతికీ గ్లాసు ఇవ్వండి. మకాంలో తడికో, దుప్పటో కట్టి చాటు చెయ్యడం పొయ్యి రాజెయ్యడానికంటె ముందు చెయ్యవలసిన పని.

ఎవరికైనా విరేచనాలై నీరసపడితే, 1 లీటరు మంచినీళ్ళలో తలకొట్టిన 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. టీ చెంచాతోనే కొలవాలి, ఉప్పు ఎక్కువ కారాదు. పిల్లవాడు ఆరుగంటలపాటు మూత్రానికి వెళ్ళక మందంగా పడివుంటే ఆలస్యం చెయ్యక వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

ఇల్లు చేరేసరికి ఒక క్యాను నీళ్ళు మిగిలితే సంతోషమే, మొక్కలకు పోసుకోవచ్చు. అమ్మమ్మ తాగకపోవడం వల్ల మిగిలితే మాత్రం ఆ పొదుపు మనకు వద్దు.