వడగళ్లు విపత్తు, పిడుగు కాదా?

యాసంగి వడ్లు కల్లాలకు వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే మన వరంగల్ పల్లెల మీద గాలిదుమారాలు, పిడుగులు. కాంటా కాక, లారీ రాక రోజుల తరబడి కొనుగోలు కేంద్రంలో కుప్పకు కావలి ఉండే రైతు, ఉరుముతుంటే ఇంటికి పోడు. టార్పాలిన్ పట్టుకొని కుప్ప దగ్గరికే ఉరుకుతాడు. ఆ వెంటనే మృగశిర కార్తె, పత్తి గింజలు పెట్టుడు. మబ్బు పట్టిందని కూలీలు పని ఆపరు. వాన మొదలైనంక అందరూ కలిసి ఒక చెట్టు కిందికి చేరుతారు. ఇట్లా పోయిన ప్రాణాలను తలరాత అంటే నేను ఒప్పుకోను.

2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఆ ఏడాది ప్రకృతి వైపరీత్యాల చావుల్లో ఇవే మూడో వంతుకు పైన.

అసలు పిడుగు ఎట్లా పుడుతుంది? నల్లమబ్బు లోపల మంచు పలుకులు, చిన్న చిన్న గడ్డలు గాలి ఉధృతికి ఒకదానికొకటి రాసుకుంటాయి. దాంతో మబ్బు అడుగున రుణ విద్యుత్తు పేరుకుంటుంది. అది మెట్లు మెట్లుగా, సెకనుకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో నేలకు దారి వెతుక్కుంటది. కింద ఎత్తుగా ఉన్న తాటిచెట్టు కొస నుంచో, చెల్క నడుమ నిలబడ్డ మనిషి తల నుంచో ఒక పాయ పైకి లేస్తుంది. రెండూ కలిసినయంటే అసలు కరెంటు పారుతుంది. ఆ మెరుపు వేగం సెకనుకు దాదాపు లక్ష కిలోమీటర్లు. మన ఐదు హెచ్‌పీ మోటరు గుంజేది ఏడెనిమిది ఆంపియర్లయితే, పిడుగులో మామూలుగా 30 వేల ఆంపియర్లు ఉంటాయి. వేడి 30 వేల డిగ్రీల దాకా పోతుంది, సూర్యుడి పైభాగం కన్నా ఐదింతలు. ఆ వేడికి గాలి పేలినట్టు వ్యాకోచిస్తే వచ్చే చప్పుడే ఉరుము.

చప్పుడు కిలోమీటరు దాటడానికి మూడు సెకన్లు పడుతుంది. మెరిసినంక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే పడ్డట్టు. నన్నడిగితే ఆ లెక్క కూడా వద్దు. ఉరుము చెవిన పడ్డదంటేనే మనం దాని అందుబాటులో ఉన్నట్టు. 'అర్జునా, ఫల్గుణా' అనుకోవడం మన ఇళ్లలో అలవాటు. అనుకోండి, కాకపోతే ఇంట్లోకి నడుచుకుంటూ అనుకోండి. ఉరుము వినపడేసరికి ఆ పిడుగు ఎప్పుడో పడిపోయింది, భయమంతా దాని వెనక వచ్చేదానితోనే.

చెట్టు మీద పడ్డ పిడుగు మాను నుంచి పక్కనున్న మనిషిలోకి దూకుతుంది, నేలలోనూ పాకుతుంది. ఒక కాలి నుంచి ఎక్కి ఇంకో కాలి నుంచి దిగుతుంది. బర్లు, ఎడ్లు, గొర్లు గుంపుగా చచ్చేది అందుకే. వాటి ముందు కాళ్లకు, వెనక కాళ్లకు నడుమ ఎడం ఎక్కువ, గుండె ఆ దారిలోనే ఉంటుంది.

పక్కా ఇల్లు, లేదంటే తలుపులు మూసిన బస్సో కారో. ట్రాక్టరు, బండి, రేకుల పాక, టార్పాలిన్ గుడిసె కాపాడవు. బాయి కాడ స్టార్టర్ డబ్బా ముట్టొద్దు, తీగ కంచెకు దూరం జరగాలి, మడిలో నీళ్లలో నిలబడొద్దు. గీత కార్మికులు మబ్బు లేవగానే చెట్టు దిగాలి. ఎటూ దారి లేకపోతే చెట్లకు దూరంగా, పాదాలు దగ్గర పెట్టి గొంతు కూర్చోవాలి, పడుకోవద్దు, ఒకరికొకరు ఎడంగా ఉండాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగినంకనే పనిలోకి దిగాలి. పిడుగు తగిలిన మనిషిలో కరెంటు మిగలదు, ముట్టుకోవచ్చు. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. పేడలో పాతిపెట్టి ఆ నిమిషాలు పోగొట్టొద్దు.

సెల్‌ఫోన్ పిడుగును గుంజుతుందనేది వట్టి మాట. పుణెలోని కేంద్ర ప్రభుత్వ వాతావరణ పరిశోధన సంస్థ చేసిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల దూరంలోని పిడుగుల ముచ్చట చెబుతుంది. అయితే బటన్ల ఫోనున్న కూలీకి అదెట్లా అందుతుంది? 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని అక్కడి విపత్తు శాఖ లెక్కగట్టింది. అంత లెక్క తెలిసే కాలంలో పంచాయతీ మైకులో అరగంట ముందు ఒక్క మాట చెప్పడం కష్టమా?

2022 నుంచి 2026 దాకా వర్తించే కేంద్ర సహాయ నిబంధనల్లో 12 విపత్తులున్నాయి. వడగళ్లున్నాయి, పంట మీద పడే పురుగు కూడా ఉంది. పిడుగు లేదు. ఒకే మబ్బులోంచి గడ్డ పడితే విపత్తు, నిప్పు పడితే కాదు. దాన్ని రాష్ట్రాలకే వదిలేశారు. విపత్తు నిధిలో పది శాతం దాకా సొంతంగా గుర్తించిన విపత్తులకు వాడుకోవచ్చన్నారు. కేరళ, ఒడిశా, బీహార్ అట్లా గుర్తించాయి.

రైతుబీమా ఉంది కదా అంటారు. 2018 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఆ ఐదు లక్షలు 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకే. కౌలు రైతుకు, కూలీకి, గొర్ల కాపరికి, అరవై దాటిన ముసలి రైతుకు లేవు. పిడుగుల కాలంలో ఎక్కువగా బయట ఉండేది వీళ్లే. పాసుబుక్కు అడగకుండా వీళ్ల కుటుంబాలకు పరిహారం ఇవ్వాలి. ప్రతి కొనుగోలు కేంద్రంలో పిడుగు నిరోధక కడ్డీ ఉన్న ఒక పక్కా గది కట్టాలి. కాంటా ఆలస్యమైన కొద్దీ రైతు పిడుగుల కింద ఉండే రోజులు పెరుగుతాయని అధికారుల ముందు గట్టిగా చెప్పాలి.

గ్రామ కమిటీలకు ఇంకొక మాట. పంచనామా, పోస్టుమార్టం కాకుండా దహనం చేస్తే ఆ కుటుంబం తర్వాత ఎంత తిరిగినా కాగితం దొరకదు. చావింట్లో ఈ మాట ఎత్తడం కష్టమే, అయినా మనవాళ్లే వెంటనే పోయి చెప్పాలి, ఠాణాకు తోడు పోవాలి.